రోజుకో సంచి

పాసిర్ రిస్‌లో రైలెక్కి కూర్చోగానే సత్యవాణికి చలి వేసింది. బయట ప్లాట్‌ఫారం మీద ఏప్రిల్ ఎండ కళ్ళు చెదిరేలా ఉంది. లోపల మాత్రం ఎప్పుడూ ఉండే చలే, మీట నొక్కితే వచ్చి మీట నొక్కితే పోయే చలి. నలభై ఆరేళ్ళ క్రితం, ఏడాదంతా ఎండాకాలమే ఉండే ఈ దీవిలోనే పుట్టి, ఈ ఊరి బళ్ళోనే పిల్లలకు సైన్సు చెబుతున్న ఆమెకు అంతకు మించిన చలి తెలియదు. చున్నీ భుజాల మీదికి లాక్కుని చేతిసంచిని ఒళ్ళో పెట్టుకుంది. సంచిలో రెండు వస్తువులున్నాయి. ఒకటి భర్త మధుసూదనరావు రాసిన పొడుగాటి నోటుపుస్తకం. రెండోది కళ్ళజోడు పెట్టె. పెట్టెలో కళ్ళజోడు లేదు, అది ముక్కు మీదే ఉంది. అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటుంది, ఆ నోటుపుస్తకంలోదే. పోయిన ఆదివారం స్టీలు స్కేలు ఆనించి, అంచు చెదరకుండా ఆమే చింపింది. ఐదింటికి ఆంగ్ మో కియోలో ఆయన ఆఫీసులో పనిచేసే నందిత ఎదురుచూస్తుంటుంది. ఆ అమ్మాయికి నోటుపుస్తకం ఇవ్వాలి. కాగితం సంగతే ఇంకా తేలలేదు. సిటీ హాల్‌లో రైలు మారాలి, మొత్తం మీద గంట ప్రయాణం. ఇంట్లో బయల్దేరేటప్పుడు గంట చాలు అనుకుంది. తలుపులు మూసుకున్నాక చూస్తే, రెండున్నర నెలల్లో తేలనిది గంటలో ఎలా తేలుతుందో తెలియలేదు.

టాంపనీస్ బ్లాకులు వెనక్కి పోతున్నాయి, వెదురు కర్రలకు ఆరేసిన బట్టలు, అన్ని అంతస్తుల్లోనూ బట్టలే, ఎండకి ఎంత త్వరగా ఆరతాయో. అక్కడి మంచులో బట్టలు ఆరవని నోటుపుస్తకంలో రాశారు ఆయన. పొయ్యి ముందు కుర్చీ మీద వేస్తే తప్ప ఆరవట, బనీను బయట వేస్తే అట్టముక్కలా బిగుసుకుపోయిందట. పొయ్యి. ఆ మాట ఆయనదే. ఆఫీసులో అందరూ స్టవ్ అంటే ఆయన మాత్రం మన పొయ్యి అనేవారు. మొదటిసారి చొక్కా జేబులోంచి గుప్పెడు పెల్లెట్లు తీసి డైనింగ్ టేబుల్ మీద పోసినప్పుడు, "చూడు వాణీ, అచ్చం కోళ్ళ దాణాలా లేదూ" అన్నారు. రంపపు పొట్టును గట్టిగా నొక్కి చేసిన గింజలు, ఒక్కోటి చిటికెన వేలి గోరంత. వాసన చూస్తే పెన్సిలు చెక్కినట్టు ఉంది. ఇవి పొయ్యి నెత్తిన డబ్బాలో పోస్తే కొన్ని కొన్ని కిందికి జారి మండుతాయి, ఎప్పుడు ఎన్ని జారాలో చెప్పే ప్రోగ్రాం మాది, అని చెప్పారు. ఆ ఏడాది కంప్యూటర్లు తెలిసిన వాళ్ళందరూ సంవత్సరం రెండువేలకు మారితే తేదీలు ఏమవుతాయోనని కిందా మీదా పడుతుంటే, హైదరాబాదు నుంచి వచ్చిన పిల్లలు మూడు నెలలకో కంపెనీ మారుతుంటే, ఈయన ఆంగ్ మో కియోలో ఏసీ గదిలో కూర్చుని ఎక్కడో మంచుకొండల్లో ఇళ్ళు వెచ్చగా ఉంచే లెక్కలు చూసుకునేవారు. "మా గుంపులో ఒక్కడికీ చలంటే తెలీదు, అమలాపురం వాడిని, నేనే అందరిలోకీ చలిదేశం వాడిని" అని నవ్వేవారు. కంపెనీ వాళ్ళు కొనేవాళ్ళకి చెప్పిన మాట ఒకటే, రోజుకో సంచి. పదిహేను కిలోల సంచి ఒక్కటి పోస్తే ఒక ఇంటికి ఒక రోజు. కాగితం మీద లెక్క కుదిరింది. నిజం ఇంట్లో, నిజం చలిలో కుదురుతుందో లేదో ఎవరో ఒకరు ఉండి చూడాలి. జనవరి రెండో తారీఖున ఆయన బయల్దేరారు, ఇటలీలో ఉత్తరాన కొండల మధ్య ఒక ఊరికి, అద్దె ఇంటికి, ఆరు వారాలకు.

సిమెయ్. ఒక తల్లీ కూతురూ ఎక్కారు, కూతురి చేతిలో ఐస్‌క్రీమ్. రైల్లో తినకూడదని తల్లి గుడ్లురిమింది, అది గబగబా మింగి నుదురు పట్టుకుంది. చల్లదనం నుదుటికి ఎక్కి ఉంటుంది. ఆయన కూడా తలనొప్పి అన్నారు. ఇరవై రెండో తారీఖున అన్నారు. అప్పుడు తనేమంది. వద్దు, ముందు బొంత సంగతి. బొంత తను కుట్టింది. నానమ్మ విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చినప్పుడు ఆ విద్య కూడా తెచ్చుకుంది, పాత నేతచీరలు నాలుగు ఒకదాని మీద ఒకటి పరిచి, అంచుల నుంచి మధ్యకి దూరపు కుట్లు వేసుకుంటూ పోవడం. ఈ ఉక్కలో బొంత కప్పుకునేవాళ్ళు ఎవరు, చంటిపిల్లల కింద వేయడానికి తప్ప పనికి రాలేదు. తనకు ఆ అవసరమూ పడలేదు. డిసెంబరు సెలవుల్లో మూడు వారాలు కూర్చుని, తను కట్టి కట్టి మెత్తబడిన చీరలు నాలుగు తీసి కుట్టింది. ఆయన చూసి "అక్కడ మైనస్ పన్నెండు, వాణీ, దీనికి ఆగుతుందా" అన్నారు. "ఆగకపోతే కింద పరుచుకోండి, చుమ్మా పెట్టెలో పడుంటుంది" అంది తను. "చుమ్మా అట, ఊరికే అనొచ్చుగా. మాట మాటకీ చివర లా ఒకటి. మీ తాతలు దిగిన ఓడలో తెలుగు సగమే దిగినట్టుంది" అని వేళాకోళం చేశారు. అయినా పెట్టుకున్నారు. చొక్కాలు రెండు తీసేసి మరీ పెట్టుకున్నారు.

బెడోక్‌లో చాలామంది ఎక్కారు, నిలబడ్డ వాళ్ళ మోచేతుల మధ్య నుంచి కిటికీ ముక్కలుగా కనిపిస్తోంది. ఆయనకి మధ్యాహ్నం పన్నెండైతే ఇక్కడ సాయంత్రం ఏడు. ఆ వేళకే ఫోన్. పద్దెనిమిదో తారీఖున, మంగళవారం, తను ఎనిమిదో నంబరు బ్లాకు కింద కొన్న తోటకూర ఒలుస్తూ ఫోన్ ఎత్తింది. లెక్క కుదరడం లేదని చెప్పారు. రోజుకో సంచి అన్నామా, పదహారున్నర తింటోంది, నిన్న పదిహేడు దాటింది, గది మాత్రం వెచ్చబడడం లేదు, ఒక మూల నుంచి గాలి కోసేస్తోంది. ఎక్కడి నుంచి అని అడిగింది. గోడకి కింద ఒక కన్నం ఉంది, పిడికిలి దూరేంత, అక్కడి నుంచి అన్నారు. "కన్నం ఎందుకండీ గోడకి? చుమ్మా గాలి రావడానికా?" "ఏమో, ఈ ఊళ్ళో ఇళ్ళన్నిటికీ ఉంది." "ఉంటే ఉండనీయండి. మన ఏసీ గదిలో తలుపు కింద ఏం చేస్తాం? పాత చీర చుట్టి తొయ్యమా? చలి బయటికి పోతే కరెంటు దండగ అనే కదా. అక్కడ వేడి బయటికి పోతోంది, అంతే లా. బొంత ఉంది కదా, చుట్టి కుక్కేయండి." అవతల ఆయన ఏదో నములుతున్న చప్పుడు వినబడింది. తర్వాత "సరే టీచరుగారూ" అన్నారు. తోటకూర కాడలు చిటుక్కు చిటుక్కున విరుస్తూనే ఉంది తను. ఆ మాట అనడానికి ఒక్క కాడ విరిచినంత సేపు కూడా ఆలోచించలేదు. ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లో తలుపు కింద చుట్టిన బట్ట ఉంటుంది. అమ్మ పెట్టేది, తను పెడుతుంది, ఎదురింటి చైనీస్ ఆంటీ పెడుతుంది. చల్లదనాన్ని దాచుకోవడమే తెలిసిన వాళ్ళు వేడిని కూడా అలాగే దాచుకోవచ్చనుకున్నారు. కానీ అది అందరి సంగతి. అందరూ సైన్సు టీచర్లు కారు.

పాయా లేబర్. కొవ్వొత్తి పాఠం మార్చి నెలాఖరున వచ్చింది. ఏటా వచ్చేదే, ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నదే. కొవ్వొత్తి వెలిగించి, పైన గాజు జాడీ బోర్లించి, ఎంతసేపు వెలుగుతుందో లెక్కపెట్టమనడం. ఈ ఏడు వేరే టీచరుకి ఇవ్వమని అడగవచ్చు, ప్రిన్సిపల్ కాదనరు. అడగలేదు. జాడీ బోర్లించింది, పిల్లలు గట్టిగా లెక్కపెడుతున్నారు, పన్నెండు, పదమూడు. మంట సాగింది, పసుపుపచ్చగా బద్ధకంగా సాగింది, గాజుకి మసి పట్టింది. ముందు బెంచీలో యోగిత ముక్కు జాడీకి ఆనించి, "టీచర్, నాట్ యెట్ డై లా" అంది. అందరూ నవ్వారు. తను బోర్డు వైపు తిరిగి తేదీ రాసింది. అప్పటికే రాసి ఉన్న తేదీ మీదే మళ్ళీ రాసింది. ఏది మండాలన్నా గాలి కావాలి, పిల్లలూ. చాలినంత గాలి అందకపోతే మంట మసకబారుతుంది, కట్టె దండగవుతుంది, వేడి రాదు, కనిపించని విషవాయువు ఒకటి పుడుతుంది. అది చెప్పడానికి తనకు పుస్తకం అక్కర్లేదు, నిద్రలో లేపినా చెప్పగలదు. తోటకూర ఒలుస్తూ మాత్రం చెప్పలేకపోయింది.

కలాంగ్ దాటాక రైలు నేలలోకి దిగింది, కిటికీ నల్లబడి అందులో ఆమె ముఖమే కనబడింది. బొట్టు లేని ముఖానికి ఇంకా అలవాటు పడలేదు, ఎవరో అనుకుంది. నోటుపుస్తకం తీయకుండానే అంకెలు వరసగా వచ్చాయి, ఎక్కాలలాగా. ఇరవయ్యో తారీఖు, పదిహేను కిలోల రెండు వందల గ్రాములు. ఆ రోజు తగ్గింది. ఇరవై ఒకటి, పదహారు తొమ్మిది. ఇరవై రెండు, పద్దెనిమిది ఆరు, గాజు నల్లబడుతోంది, తలనొప్పి. ఆ సాయంత్రం ఫోన్లో తలనొప్పిగా ఉంది వాణీ అంటే, చల్లగాలి తగిలి ఉంటుంది, సరిగ్గా మూశారా అని అడిగింది. మూశాను అన్నారు. సరిగ్గా మూశారా. ఇరవై మూడు, ఇరవై కిలోలు. మంట పసుపుగా, బద్ధకంగా ఉంది, నందిత లెక్కలో గింజలు ఎక్కువ పడుతున్నాయేమో చూడమనాలి. ఇరవై నాలుగు, ఇరవై ఒకటి మూడు. ఇరవై ఐదో తారీఖు పేజీలో తేదీ ఒక్కటే ఉంది. తేదీ ముందే వేసుకుని పడుకునే అలవాటు ఆయనకి. పొద్దున్న పాలు తెచ్చిన ఇంటి యజమానురాలు ఎంత తట్టినా ఆయన తలుపు తీయలేదు. తలుపు పగలగొట్టి వచ్చినవాళ్ళు గాలి ఆడాలని చేతికి దొరికినవన్నీ బయట మంచులోకి విసిరారట, కుర్చీలు, దుప్పట్లు, బట్టలు. కన్నంలోదీ లాగేసి ఉంటారు. విషవాయువు కొలిచే అధికారులు వచ్చి చూసేసరికి కన్నం తెరిచే ఉంది. ఆయన దేహం ముందు వచ్చింది, సామాన్ల పెట్టె పన్నెండు రోజుల తర్వాత వచ్చింది. ఇంటావిడ అన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి, మడతలు పెట్టి పంపింది. బొంతకి ఒక మూల గుండ్రంగా నల్లటి మరక మిగిలింది, పిడికిలంత. అందరికీ అది మరక.

సిటీ హాల్. జనంతో పాటు దిగి ఎదురు ప్లాట్‌ఫారం మీద నిలబడింది. రైలు రావడానికి మూడు నిమిషాలని బోర్డు చెబుతోంది. వెనక్కి పోయే రైలు కూడా ఈ స్టేషన్లోనే దొరుకుతుంది. నోటుపుస్తకం దొరకలేదమ్మా అని ఫోన్ చేస్తే సరిపోతుంది. నందిత ఇంటికి వచ్చిన రోజు గుర్తొచ్చింది, ఫిబ్రవరిలో, చేతిలో ఆరెంజి పళ్ళ కవరు. కుర్చీ అంచున కూర్చుని కవరు మడుస్తూ విప్పుతూ, "నా ప్రోగ్రాం కోడే ఆంటీ. గది ఏడి తక్కువయితే గింజలు ఎక్కువ ఎయ్యమని రాసింది నేనే. సార్ మెయిల్ పెట్టిన్రు చూడమని. శనివారం, ఆదివారం గదా, సోమవారం వేరే పని పడ్డది, మంగళవారం చూద్దామనుకున్న" అంది. ఇరవై ఏడేళ్ళ పిల్ల, వరంగల్ నుంచి వచ్చి రెండేళ్ళు. అప్పటికి ఈ నోటుపుస్తకం పెట్టె అడుగున ఉంది, తనింకా చదవలేదు. ఏమీ తెలియకుండానే ఆ పిల్లను ఓదార్చింది. చదివాక ఓదార్చలేదు. ఫోన్ వస్తే ముక్తసరిగా మాట్లాడింది. నందిత రాసిన సూత్రంలో తప్పు లేదు. గది చల్లబడితే గింజలు పెంచమంది, ఎవరు రాసినా అలాగే రాస్తారు. గాలి అందని పొయ్యికి గింజలు పెంచితే మంట ఇంకా చస్తుంది, గది ఇంకా చల్లబడుతుంది, ఇంకా గింజలు పడతాయి. కంపెనీకి ఆయన మెయిల్లో పంపినవి అంకెలు మాత్రమే. అంకెలు ఎవరు చూసినా నందిత వైపే వేలు చూపిస్తాయి. ప్రోగ్రాంలో లోపం వల్ల ఇంధనం మితిమీరి పడిందని ఒక కాగితం తయారు చేశారట, సోమవారం ఆ పిల్ల దాని మీద సంతకం పెట్టి, ఉద్యోగం వదిలి ఇంటికి వెళ్ళిపోవాలట. "సార్ తెలుగుల ఒక బుక్కు రాసుకుంటుండె ఆంటీ. ఒక్కసారి చూస్త. సంతకం పెట్టేముందు నాకు నేను తెలుసుకోవాలె" అని అడిగింది నిన్న.

రైలు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి, ఎక్కింది. ఎక్కుతున్నానని అనుకోకుండానే ఎక్కింది. డోబీ ఘాట్, సోమర్సెట్. కాగితం మీద ఐదు వాక్యాలున్నాయి. నాలుగు గుర్తు చేసుకోవడానికి ఇబ్బంది లేదు. ఐదో దాని దగ్గరికి వచ్చేసరికి మనసు పక్కకి తిరుగుతుంది, దారిలో కనబడకూడని మనిషి కనబడితే రోడ్డు దాటినట్టు. పుస్తకంలో అది ఉన్నంతకాలం ఎవరైనా చదువుతారు. చింపితే ఆయన మాట తనకొక్కదానికే మిగులుతుంది. నిజానికి ఆదివారం నాడు స్కేలు ఆనించినప్పుడు తను దాచాలనుకుందా, దాచుకోవాలనుకుందా. ఆ రెండూ ఒకటి కావని పిల్లలకు చెప్పగలదు. తనకు తను చెప్పుకోలేకపోతోంది. ఎవరైనా తెలుసుకుంటే ఏమవుతుంది? ఎవరూ శిక్షించరు. పాపం తెలియక చెప్పింది అంటారు, ఆంటీ ఏడవకండి అంటారు. ఆ పాపం అనే మాటకే భయం. ఆయన తమ్ముడు అనంతరామయ్య అమలాపురం నుంచి ఫోన్ చేసి, వదినా ఆ కంపెనీ వాళ్ళని వదలకూడదు అంటున్నాడు వారం వారం. వదలకూడదు అని తనూ అంటోంది. అంటున్నప్పుడల్లా కళ్ళజోడు పెట్టె ఎక్కడుందో చూసుకుంటోంది.

న్యూటన్, నోవీనా, తోవా పాయో. పిల్లల నోటుపుస్తకాల్లో కాగితాలు చింపితే తను ఒప్పుకోదు. మధ్యలో కుట్టిన పుస్తకంలో ఇటు కాగితం చింపితే అటు దాని జోడు కాగితానికి పట్టు పోతుంది, ఇవాళ కాకపోతే రేపు అదీ ఊడుతుంది, అని మొదటి రోజే చెబుతుంది. బిషాన్ దగ్గర రైలు వెలుతురులోకి వచ్చింది, కిటికీలోంచి ముఖం మాయమై పచ్చటి చెట్లు వచ్చాయి. ఇంకొక్క స్టేషను. చేతులు చల్లగా ఉన్నాయి. రెండు అరచేతులూ చేతిసంచి కింద పెట్టుకుంది.

తిండి కొట్లన్నీ ఒక్కచోట ఉండే హాకర్ సెంటర్లో గోడకి దగ్గరగా ఒక బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి నందిత చోటు ఆపి ఉంచింది. కూర్చోకుండా పక్కనే నిలబడి ఉంది. చిక్కిపోయింది. "మీరెందుకొచ్చిన్రు ఆంటీ అంత దూరం, నేనే వస్తుంటి గదా. టీ తాగుతరా? చక్కెర తక్కువ గదా మీకు" అంటూ వెళ్ళి రెండు గ్లాసులు తెచ్చింది. పక్క బల్ల దగ్గర ఇద్దరు ముసలివాళ్ళు చదరంగం ఆడుతున్నారు, పైన ఫ్యాను కిర్రుమంటోంది. సత్యవాణి నోటుపుస్తకం బల్ల మీద పెట్టింది. నందిత చేతులు ప్యాంటుకి తుడుచుకుని తెరిచింది. ఆయన దస్తూరీ చూడగానే కాస్త నవ్వింది. "సార్ ఏడంకె గిట్లనే రాస్తరు, ఒకటి లెక్క. టెస్టింగ్ల ఎన్నిసార్లు కొట్లాడినమో." తర్వాత నవ్వలేదు. వేలు పెట్టి ఒక్కో పేజీ చదివింది. పద్దెనిమిది తర్వాత ఇరవై వచ్చింది, వేలు ఆగింది, మళ్ళీ కదిలింది. ఇరవై మూడు దగ్గర తన పేరు కనబడింది. అక్కడ చాలాసేపు ఉంది.

"అంతే ఆంటీ. నేననుకున్నదే" అంది చివరికి. "సార్‌కి కూడా గదే డౌట్ వచ్చింది. పెడత సంతకం." ఇంకేమైనా ఉందేమోనని రాయని పేజీలు కూడా తిప్పుతూ పోయింది. వెనక సగంలో ఒక తెల్ల కాగితం పుస్తకంలోంచి విడివడి ఆమె చేతిలోకి వచ్చింది. నందిత ఉలిక్కిపడి దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. "అయ్యో, సారీ ఆంటీ. నేనే చింపిన. మెల్లగనే తిప్పిన, చూసుకోలే." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాగితం కొసలు సరిచేస్తూ మళ్ళీ దాని చోట్లో అమర్చాలని చూస్తోంది, అది నిలబడడం లేదు. "సార్ బుక్కు పాడు చేసిన. నా చేతులే అంత ఆంటీ, ఏది ముట్టినా..."

"నువ్వు చింపలేదమ్మా" అంది సత్యవాణి.

గొంతు బళ్ళో వాడే గొంతే, ఎత్తలేదు, తగ్గించలేదు. చేతిసంచిలోంచి కళ్ళజోడు పెట్టె తీసి తెరిచింది. మడతలు విప్పి, ఫ్యాను గాలికి ఎగరకుండా టిష్యూ ప్యాకెట్ ఒక అంచు మీద పెట్టి, కాగితాన్ని నందిత వైపు తిప్పింది. "ఇది పంతొమ్మిదో తారీఖుది. పైకి చదువు, నాకు వినబడేలాగా."

నందిత ఆమె ముఖం చూసి, కాగితం చూసి, చదవడం మొదలుపెట్టింది. "జనవరి పంతొమ్మిది. పదహారు కిలోల రెండు వందలు. పొద్దున్న వాణి చెప్పినట్టు గోడకున్న కన్నంలో బొంత కుక్కాను. గాలి..." ఆగింది. "ఆంటీ, గాలి కన్నమా? పొయ్యికి గాలి వచ్చే కన్నమా?"

"అదే. కానియ్యి."

"గాలి పూర్తిగా ఆగింది." తర్వాతి వాక్యం మీద పెట్టిన నందిత వేలు అక్కడే ఉండిపోయింది. పక్క బల్ల మీద ఒక ముసలాయన ఠక్కుమని పావు పెట్టాడు. సత్యవాణి టీ గ్లాసు చుట్టూ రెండు చేతులూ పెట్టుకుంది, అది ఇంకా వేడిగా ఉంది. రెండున్నర నెలలుగా తను ఒక్కసారి కూడా పైకి అనని వాక్యాన్ని, కాగితం వైపు చూడకుండా, తనే పూర్తి చేసింది.

"వచ్చిన ఇన్నాళ్ళకి ఈ గది మన ఇల్లులాగా వెచ్చగా ఉంది."